కాటా ఆగిన రోజు

నాకు కోపం తొందరగా వస్తుంది. భయం అంతకంటే తొందరగా వస్తుంది. సర్వర్లు బాగుచేసే ఉద్యోగానికి ఈ రెండూ పనికిరావని నేను చేరిన కొత్తలోనే మా సీనియర్ చెప్పాడు. పన్నెండేళ్లయింది. ఉద్యోగమూ పోలేదు, భయమూ పోలేదు. పనికి ముందు రోజే పనిముట్ల సంచి నాలుగుసార్లు విప్పి సర్దుతాను, మూత తీశాక అరచేతులకు చెమటలు పడతాయి, మళ్లీ స్విచ్ వేసి తెర వెలిగేదాకా నోట్లో తడి ఉండదు. వీటన్నిటితో కాపురం చేయడం అలవాటైపోయింది. కానీ నాలుగు వేసవుల కిందట నూజివీడు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పడ్డ భయం వేరు. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఫ్యాక్టరీ నాకు కొత్త కాదు. అంతకు మూడేళ్ల ముందు అక్కడ సర్వర్ పెట్టింది నేనే. నేను పెరిగింది ఆగిరిపల్లి తోటల్లో కాబట్టి ఆ వైపు ఏ పని వచ్చినా “మీ ఊరేగా” అని మా విజయవాడ ఆఫీసులో నా మెడకే చుట్టేవాళ్లు. కాటా ఆఫీసు వెనక చిన్న గదిలో, ఏసీ కింద, బీరువా అంత ఇనప ర్యాక్‌లో ఉంటుందా సర్వర్. చూడటానికి ఒక నల్లటి పెట్టె. ఫ్యాక్టరీ అంతా దాని మీదే నడుస్తుంది. ట్రాక్టర్ కాటా ఎక్కితే బరువు అందులోకే వెళ్తుంది. ఏ తోట కాయకు ఆ తోట లాట్ నంబరు అందులోంచే వస్తుంది. కాయ మాగే గదుల్లో వేడి ఎంతుందో, గుజ్జు ఎంత వేడికి ఉడికిందో అన్నీ అందులోనే రాసి ఉంటాయి. సరుకు విదేశాలకు పోతుంది కాబట్టి లాట్ నంబరు స్లిప్పు లేకుండా ఒక్క కాయ కూడా లోపలికి పోదు.

ఆ సర్వర్‌కు పెట్టిన ఏడాది నుంచే ఒక జబ్బు. ఏప్రిల్ వచ్చిందంటే నత్తనడక నడిచేది. జూన్ దాటితే ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది. విజయవాడలో కూర్చుని, అది తన పనితీరు రాసిపెట్టుకునే లాగ్‌లు తెప్పించుకుని చూశాను. ప్రాసెసర్లు వేడెక్కిపోయి, తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటున్నాయి. సీజన్లో పని ఎక్కువ, పని ఎక్కువైతే వేడి ఎక్కువ, ఇందులో తెలియనిదేముంది అనుకున్నాను. పాత ప్రాసెసర్లకు ఇంత పని మోసే శక్తి లేదనీ, కొత్తవి రెండు వేయాలనీ, ప్రాసెసర్లు కూర్చునే పాత సిస్టమ్ బోర్డు వాటికి సరిపోదు కాబట్టి బోర్డు కూడా మార్చాలనీ రిపోర్టు రాశాను. అందరూ మెచ్చుకున్న రిపోర్టు అది.

జనవరిలో, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు చేయాల్సిన పని. బోర్డు రావడం ఆలస్యమై, ఆలస్యమై, మే నెల నడిమికి చేతికొచ్చింది. అప్పటికి సర్వర్ రోజుకోసారి పడకేస్తోంది. ఇక ఆగలేమని ఫ్యాక్టరీ మేనేజరు ఒక రోజు చూసి, పది గంటల నుంచి ఒంటిగంట దాకా కాటా ఆపుతానన్నాడు. నాకు రెండు గంటలు చాలన్నాను. అలాంటి మాటలు నోటికి ఎందుకొస్తాయో నాకే తెలియదు.

ఆ పొద్దున గేటు ముందు ట్రాక్టర్ల వరుస రోడ్డు మలుపు దాకా ఉంది. స్కూటీ పక్కకు తీసి నెమ్మదిగా వెళ్తుంటే, ఒక ట్రాక్టర్ నీడలో గోనెసంచి పరుచుకుని మా పిన్ని కూర్చుని ఉంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. రెడ్డిగూడెంలో ఉంటుంది. బాబాయి పోయాక తోట కౌలుకు తీసుకుని, మందు కొట్టించడం నుంచి కోయించి అమ్ముకునేదాకా అన్నీ తనే చూసుకుంటుంది. నా వేసవి సెలవులన్నీ ఆవిడ చేతికిందే గడిచాయి. ఆ ఏడు గాలివాన సగం తోటను పిందె మీదే రాల్చేసింది. మిగిలిన పంటంతా రెండు ట్రాక్టర్ల కలెక్టర్ కాయ, గుజ్జుకు పోయే రకం. కోత మొదలుపెట్టి రెండు రోజులైంది, ముందు రోజు సాయంత్రం నుంచి లైన్లో ఉంది. కుప్పలో కాయ ఎండకు ఉడికితే పైకి బాగానే ఉంటుంది కానీ టెంక దగ్గర మెత్తబడి పులిసిన వాసన వేస్తుంది. గేటు దగ్గర కోసి చూసేవాడి కత్తికి దొరికిపోతుంది.

“నువ్వేంటే ఇక్కడ?” అంది నన్ను చూసి.

కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగమని తప్ప నేను చేసే పనేంటో పిన్నికి తెలియదు. ఆఫీసు కాగితాల మీద మేనేజరు గారి సంతకాలు కావాలన్నాను. ఎందుకు అబద్ధమాడానో చెప్పలేను. ఆవిడ ముఖం చూశాక నోరు తనంతట తనే అలా పలికింది.

“ఇవాళ కాటా ఆపుతారంట. ఎవడో ఇంజినీరు వస్తున్నాడంట, కంప్యూటర్ విప్పటానికి. ఏడాదంతా ఏం చేశాడంట వాడు? సరిగ్గా సీజన్లోనే గుర్తొచ్చామా? వాడి చేతులు పడిపోను.”

నేను నవ్వాను. నవ్వి, భుజాన ఉన్న పనిముట్ల సంచిని కాస్త వెనక్కి జరుపుకున్నాను. మూడు గంటలేనంట కదా అన్నాను. మధ్యాహ్నం దాకా అయితే ఫర్వాలేదు, సాయంత్రం అయిందంటే మాత్రం వెనక ట్రాక్టర్ మీద ఆశ వదులుకోవడమే అంది. ముందు ట్రాక్టర్ కాయ కాస్త గట్టిదట, వెనకది దానికంటే ఒకరోజు ముందు కోసిందట.

ఆవిడ పక్కన ఒక గుడ్డసంచిలో చిన్న రసాలు ఉన్నాయి. అవి అమ్మకానికి కాదు. లోడుతో వచ్చిన ప్రతి ఒక్కరూ కాటా దగ్గరివాళ్ల చేతిలో నాలుగు మంచి కాయలు పెట్టడం మా వైపు మర్యాద. తోట గట్టున ఉన్న ఒకే ఒక్క రసాల చెట్టు కాయ పిన్ని అలా పంచడానికే ఉంచుతుంది. ఇవ్వడంలో ఆవిడకో పట్టుదల ఉంది. చిన్నప్పుడు ఒకసారి పక్కింటి పిల్లకు పండు ఇచ్చి, ఆ పిల్లతో గొడవపడి లాక్కున్నాను. పిన్ని నన్ను మళ్లీ వాళ్లింటికి నడిపించి, ఆ పండుతో పాటు ఇంకో రెండు ఇప్పించింది. ఇచ్చిన కాయ వెనక్కి తీసుకునే చెయ్యి ఇంటికి మంచిది కాదంది. ఇచ్చిన దాంట్లో పుచ్చు తేలితే ఇంకోటి ఇస్తుందే తప్ప, ఇచ్చింది తిరిగి పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

లోపల కాటా గుమాస్తా గది తాళం తీసి పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన పెద్దమనిషి, ఆదివారం చర్చిలో పాటలు పాడిస్తాడు, ఎవరినీ అండీ లేకుండా పిలవడు. మీరొస్తున్నారని గది ఖాళీ చేసి ఊడిపించానండీ అన్నాడు. సర్వర్ ఆపి, వెనక వైపు వంగి తీగలు పీకుతుంటే మోకాలికి ఒక గడ్డిపోచ గుచ్చుకుంది. తీసి పారేశాను. మాగిన పండు వాసన కూడా వచ్చింది. మామిడి ఫ్యాక్టరీలో మామిడి వాసన రాక మల్లెల వాసన వస్తుందా అనుకుని పనిలో పడ్డాను.

మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకుని, పెట్టె ముందుకు లాగి, మూత తీశాను. ఫ్యాన్లు, మెమరీ కడ్డీలు, ప్రాసెసర్ల మీద వేడిని లాగే లోహపు దిమ్మలు ఒక్కొక్కటీ వరసతప్పకుండా టేబుల్ మీద పేర్చాను. పాత ప్రాసెసర్లు తీసి, మీద ఎండిన పేస్టు తుడిచి, ట్రేలో పెట్టాను. పాత బోర్డు బయటికి, కొత్త బోర్డు లోపలికి. అంతవరకూ చేతులు చెప్పిన మాట విన్నాయి. కొత్త ప్రాసెసర్ పట్టుకోగానే వినడం మానేశాయి. బిస్కెట్టంత బిళ్ల. అది కూర్చోవాల్సిన సాకెట్‌లో వేల పిన్నులు, ఒక్కోటి తలవెంట్రుకంత సన్నం. బిళ్ల ఒక పక్కకు ఒరిగి పడిందంటే పిన్నులు వంగిపోతాయి, బోర్డు చెత్తబుట్టకే. ఇంకో బోర్డు రావాలంటే వారం. మామూలుగా ఇలాంటప్పుడు ఊపిరి బిగబట్టి లోపల అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఆ రోజు అంకెలకు బదులు “వాడి చేతులు పడిపోను” అన్న మాట వినిపిస్తోంది. నాకు తిట్ల మీద నమ్మకం లేదు. పిన్ని నోటి మీద మాత్రం చిన్నప్పటి నుంచి నమ్మకమే.

రెండూ కూర్చోబెట్టి, పేస్టు రాసి, దిమ్మలు బిగించి, పెట్టె లోపలికి నెట్టి స్విచ్ వేసేసరికి పావు తక్కువ పన్నెండు. ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమన్నాయి. తెర నల్లగానే ఉంది.

కొత్త ప్రాసెసర్లు వేశాక మొదటిసారి లేవడానికి కొంతసేపు పడుతుంది, మెమరీ అంతా పరీక్షించుకుంటుంది. ఐదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. ఫ్యాన్లు అదే హోరు, తెర అదే నలుపు, ముందువైపు పసుపు దీపం ఒకటే వెలిగి ఆరుతోంది. పిన్ను వంగింది, ఖాయం అనుకున్నాను. మళ్లీ ఆపి, మళ్లీ మొత్తం విప్పి, ఫోను టార్చి వేసి, భూతద్దం పెట్టి సాకెట్ రెండూ వరస వరసా చూశాను. కళ్లలో నీళ్లు తిరిగి వరసలు అలుక్కుపోయేవి, మళ్లీ మొదటి నుంచి చూసేదాన్ని. ఒక్క పిన్నూ వంగలేదు. అది చూసి ఊపిరి పీల్చుకోవాలి కదా, ఇంకా భయం వేసింది. తప్పు కనిపిస్తే దిద్దవచ్చు. కనిపించకపోతే ఏం చేయాలి?

మళ్లీ బిగించాను. మళ్లీ నలుపే. అప్పుడు ఫోను మోగింది. పిన్ని. లోపల నాకెవరైనా తెలుసా అని అడిగింది. తెలిస్తే ఆ ఇంజినీర్‌కి కాస్త చెప్పమంది, వెనక ట్రాక్టర్ టార్పాలిన్ కింద చెయ్యి పెడితే అన్నం కుండలా ఉందట. చెబుతానన్నాను. గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకున్నాను.

ఒంటిగంటకు మేనేజరు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గోడగడియారం వైపు చూసి వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. మొఖానే తిట్టి ఉంటే బాగుండేది.

ఇక సిగ్గు విడిచి హైదరాబాద్‌లో ఉన్న మా సీనియర్‌కు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. చెక్‌లిస్టులో ఉన్నవన్నీ చేశాను, ఫర్మ్‌వేర్ కూడా పోయిన వారమే విజయవాడ నుంచే అప్‌డేట్ చేసి టిక్కు పెట్టానన్నాను.

ఆయన అడిగాడు. “చేశావు సరే. ఏ బోర్డుకి?”

టేబుల్ వైపు చూశాను. ఫర్మ్‌వేర్ అంటే బోర్డుకు లోపల ఉండే బుద్ధి. ఏ ప్రాసెసర్ వస్తే దాన్ని గుర్తుపట్టడం దాని పని. నేను వారం కిందట బుద్ధి చెప్పింది పాత బోర్డుకి, ఇప్పుడు టేబుల్ మీద వెల్లకిలా పడున్నదానికి. కొత్త బోర్డు గోడౌన్ నుంచి పాత బుద్ధితోనే వచ్చింది. దానికి ఈ కొత్త ప్రాసెసర్లు ఎవరో తెలియదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బోర్డుల విషయంలో అది తప్పు, అరగంటలో మార్చవచ్చు. కాకపోతే మార్చడానికి ముందు బోర్డు లేవాలి. లేవాలంటే అది గుర్తుపట్టే పాత ప్రాసెసర్‌నే మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాలి. మూడోసారి అంతా విప్పాను. పాతది వేసి, లేపి, బుద్ధి మార్చి, ఆపి, పాతది తీసి, కొత్తవి వేసి, నాలుగోసారి బిగించాను. తెర మీద తెల్లటి అక్షరాలు కనబడేసరికి రెండున్నర దాటింది. లాట్ నంబర్లు, కాటా, అన్నీ లేచి మొదటి స్లిప్పు వచ్చేసరికి మూడుంబావు.

బయట ట్రాక్టర్ స్టార్టయిన చప్పుడు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. పిన్ని వరుసలో ఎన్నోదో లెక్కేసుకుంటున్నాను. అప్పుడు కాటా గుమాస్తా ఒక అట్టపెట్టె రెండు చేతుల్తో మోసుకుని గదిలోకి వచ్చాడు. “ఇక పెట్టుకోవచ్చాండీ?” అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా ర్యాక్ వెనక్కి వెళ్లి, సర్వర్ వేడిగాలి బయటికొచ్చే జల్లెడకు ఆనించి పెట్టాడు. వెళ్లి ఇంకోటి తెచ్చాడు. ఇంకోటి. మూడు పెట్టెల నిండా వరిగడ్డి, గడ్డి మధ్యలో కాయలు.

ఇవేంటండీ అన్నాను.

“రైతులిచ్చిన కాయలండీ. ఇక్కడ వెచ్చగా ఉంటుంది, మూడు రోజుల్లో తేనెలా మాగుతాయి. స్టాఫంతా పంచుకుంటాం. మొదట్లో మీరే కదండీ చెప్పారు.”

చెప్పాను. అంతవరకు మరిచిపోయాను కానీ ఆయన అనగానే గుర్తొచ్చింది. సర్వర్ పెట్టిన రోజు, వెనక చెయ్యి పెట్టి చూసి, మా పిన్ని మాగేసే కొట్టు ఇంత వెచ్చగా ఉండదు, ఇక్కడ కాయలు పెడితే మూడు రోజుల్లో మాగుతాయి అని నవ్వాను. తోటల్లో పెరిగిన పిల్ల మాట. వాళ్లకది ఇంజినీరు మాట. అప్పటి నుంచి ప్రతి సీజన్లోనూ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ పెట్టెలు గాలికి అడ్డంగా ఉన్నాయి. ప్రాసెసర్లు వేడెక్కకేం చేస్తాయి? శక్తి చాలక కాదు, ఊపిరాడక. నేను కొత్త ప్రాసెసర్లు రాశాను, కొత్త బోర్డు రాశాను. వాటి కోసం కాటా ఆపించాను. ఒక్కసారి సీజన్లో వచ్చి గది చూసి ఉంటే పెట్టెలు పక్కకు జరపడంతో పోయేది. మాగేసిన కాయ వాసన అందరికంటే ముందు నాకే తెలియాలి, నేనే మల్లెపూల వెటకారం చేసుకున్నాను.

పెట్టెలు అక్కడ పెట్టకూడదండీ, గాలి ఆడాలి అని మాత్రం చెప్పాను. ఆయన అయ్యో అని వెంటనే తీసేశాడు. నా సంతకం పెట్టిన కాగితంలో కూడా “వెనక భాగం ఖాళీగా ఉంచాలి” అని ఒక్క వాక్యం రాశాను. అంతకుమించి రాయడానికి ధైర్యం చాలలేదు. మేనేజరు థాంక్స్ చెప్పి చెయ్యి కలిపాడు.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి పిన్ని వంతు నడుస్తోంది. ముందు ట్రాక్టర్ కాయ కోసి చూసి పంపించారు. రెండోది కాటా ఎక్కింది. కోసేవాడు అడుగు నుంచి ఒక కాయ లాగి కోశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోటి కోశాడు. ఐదో కాయకు కత్తి తుడుచుకుని, వెనక్కి తీసుకెళ్లమని చెయ్యి ఊపాడు. పిన్ని వాదించలేదు. ఆ ముక్క తనూ వాసన చూసింది.

ట్రాక్టర్ పక్కకు పెట్టించి గట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని, ఆ ఇంజినీరు నేనే పిన్నీ అన్నాను.

పిన్ని నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది. “నిన్నానే నేను అన్నది? తెలియక అన్నానే. నా నోరు పడ.” కిందున్న మట్టి గుప్పెడు తీసి నా చేతుల చుట్టూ మూడుసార్లు తిప్పి దూరంగా విసిరేసింది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. అవి పోయిన పంటకు కాదు, నా చేతులకు. ఎండకు కాయ ఉడకడం ఎవరి తప్పూ కాదంది. మిషన్లన్నాక ఆగవా అంది. ఆవిడ ఓదారుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది.

తర్వాత గుడ్డసంచి విప్పి నాలుగు రసాలు ఏరి నా దోసిట్లో పెట్టింది.

“కాటా ఆయనకియ్యి. హడావిడిలో మరిచిపోయా. ఆ మిషను గదిలో మాగేస్తున్నాడంట మూడేళ్లబట్టీ, కొట్లో కంటే బాగుంటున్నాయంట. ఎవరో చదువుకున్నవాళ్లు చెప్పారంటలే.”

లేచి వెళ్లిపోవచ్చు. కాయలు ఆయనకిచ్చి, స్కూటీ ఎక్కి, ఆగిరిపల్లి దాటిపోవచ్చు. ఆ మాట ఆవిడకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఆవిడ మట్టి తిప్పిన చేతుల్లోనే ఆ కాయలున్నాయి.

“ఆ చెప్పింది కూడా నేనే పిన్నీ,” అన్నాను. గడ్డి పెట్టెలు గాలికి అడ్డం పడ్డాయనీ, అందుకే మిషను మందగించిందనీ, నేను వచ్చి చూడకుండా జబ్బు వేరనుకుని మందు రాశాననీ, ఇవాళ అసలు కాటా ఆపే పనే లేదనీ చెప్పాను. ఒక్కో మాటా చెబుతుంటే ఆవిడ ముఖం మారలేదు. రెండో ట్రాక్టర్ వైపు మాత్రం ఒకసారి తలతిప్పి చూసింది. టార్పాలిన్ అంచు కింది నుంచి రసం కారి చక్రం మీద పడుతోంది.

తిడుతుందేమోనని చూశాను. తిట్టమని కూడా లోపల అనుకున్నాను. పిన్ని చెయ్యి చాపి, నా దోసిట్లోంచి ఒక రసం తీసి సంచిలో వేసుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత మిగిలిన రెండూ.